మొట్టమొదట మీకే

మా ఇంటి పరుపు నడుమ గుంట పడింది. పడుకుంటే ఇద్దరమూ ఆ గుంటలోకే దొర్లుతున్నామని మా ఆయన నెల రోజులుగా సణుగుతున్నాడు. మొన్న ఆదివారం వీధిలోకి మైకు బండి వచ్చింది. పాత దూది పరుపు ఇచ్చేస్తే కొత్త స్పాంజి పరుపు తగ్గించి ఇస్తారట. నేను వంటింట్లోంచి వచ్చేసరికే మా ఆయన పరుపు చుట్టి వాకిట్లోకి ఈడ్చేశాడు. నేను పోయి దాని మీద కూర్చున్నాను. లేవమంటే లేవనన్నాను. బండివాడు నవ్వాడు, పక్కింటివాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వనీ. ఆ పరుపు కుట్టిన మనిషి పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయన కూతురు భయపడుతుంది. ఎందుకు భయపడుతుందో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

కడపలో మా వీధి మలుపులో ఆయన దుకాణం. దుకాణమంటే నాలుగు రేకులు, వాటి కింద దూది ఏకే మోటారు మిషను, మూల ఒక మంచినీళ్ల కుండ. ఆయన కనుబొమ్మల మీద, గడ్డంలో, చెవుల్లో ఎప్పుడూ దూదే. నవ్వితే అది గాల్లోకి లేచేది. ఏ వస్తువు కనబడినా బొటనవేలితో నొక్కి చూడటం ఆయన అలవాటు. రొట్టెలు, స్కూటరు సీట్లు, చంటిపిల్లల బుగ్గలు, ఏదీ వదిలేవాడు కాదు. మెత్తగా ఉంటే "ఊఁ" అనేవాడు. లేకపోతే జాలిగా చూసేవాడు. మా సోఫాను చూసినప్పుడల్లా జాలిపడేవాడు, దాన్ని నేనే ఇష్టపడి కొన్నానని తెలిసి కూడా.

పరుపు కుట్టడం అయ్యాక ఆ ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లను పిలిచి దాని మీద ఎగరమనేవాడు. మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు. అటూ ఇటూ చూసి, "అయితే మీరే ఒకసారి ఎగరండి టీచరమ్మా" అన్నాడు. నా బరువు గురించి ఊరికంతా తెలుసు. మా ఆయన కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నేను ఎగరలేదుగానీ కూర్చున్నాను. ఆయన వంగి, పరుపు అంచు ఎంత దిగిందో చూసి, "తట్టుకున్యాది" అని తృప్తిగా చెప్పాడు.

ఇవన్నీ ఒకెత్తు, ఆయన నోరు ఒకెత్తు. ఆయన నోట్లో మంచిమాట పూట కూడా నిలిచేది కాదు. మేక ఈనినా, మున్సిపాలిటీ కుళాయి బాగుపడినా, మా గేటు దగ్గర నిలబడి, "మొట్టమొదట మీకే చెప్తాండా టీచరమ్మా" అని మొదలుపెట్టేవాడు. ఎదురింటి ఆమెకూ అదే మాట, పాలాయనకూ అదే మాట. ఒకసారి నాకు ఒళ్లు మండి అడిగాను.

"ఏమన్నా, పాలాయనకు గూడా మొట్టమొదటేనా?"

"ఆయనకు ఆయన మొదలు, మీకు మీరు మొదలు టీచరమ్మా. మంచిమాట ఎవురు వింటే వాళ్లే గదా మొదలు."

ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి కూడా ఇలాంటి మనిషి ముందు నోరు మూసుకోవాల్సి వస్తుంది.

ఇంకో పట్టింపు కూడా ఉండేది. ఒక పనిలో ఎవరైనా చెయ్యి వేస్తే, ఆ పని పండిన రోజు వాళ్ల నోరు తీపి చేయాల్సిందే. ముందు దర్గాలో చక్కెర పంచేవాడు. తరవాత ఆ పొట్లం పట్టుకుని, సాయం చేసిన ప్రతి మనిషి దగ్గరికీ పోయేవాడు. చేసినవాళ్లు మరిచిపోయినా ఆయన మరిచేవాడు కాదు. కూతురు పది పాసైనప్పుడు, రెండేళ్ల కిందట దానికి ఒక పెన్సిలు ఇచ్చిన కిరాణా కొట్టాయనకు కూడా చక్కెర పెట్టొచ్చాడు.

ఆ ఒక్కగానొక్క కూతురు నా దగ్గరే చదువుకుంది. వాళ్లమ్మకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఆయన వారానికోసారి ఆమె పరుపు విప్పి, దూది మళ్లీ ఏకి, కుట్టి పరిచేవాడు, ఒంటికి ఒత్తుకోకుండా. ఆ పిల్ల ఆస్పత్రిలో ఎవరో చూపించినట్టు బడికి వచ్చేముందు అమ్మ వేళ్లు ఒక్కొక్కటే చాపి ముడిచి, చాపి ముడిచి చేసేది. ఇంటర్ అయ్యాక ఫిజియోథెరపీ చదువుతానంది. కర్నూల్లో ఒక ప్రైవేటు కాలేజీలో సీటొచ్చింది. "నేను పరుపులు నొక్కుతా, అది మనుషుల్ని నొక్కుతాదంట టీచరమ్మా. మా వంశమంతా నొక్కుడే" అని వీధంతా చెప్పుకుని మురిసిపోయాడు.

ఫీజుకు బ్యాంకు లోను మంజూరైంది. మేనేజరు గోదావరి వైపు మనిషి, అండీ లేకుండా మాట తెగదు. మంచివాడు. తిప్పించుకోకుండా పని చేసిపెట్టాడు. అదే సమయంలో, ఎందుకైనా మంచిదని పిల్ల ఒక ట్రస్టు వాళ్ల స్కాలర్‌షిప్ పరీక్ష కూడా రాసింది. అందులో కూడా పేరొచ్చింది. ఫీజులో దాదాపు మూడోవంతు వాళ్లిస్తారు. కర్నూల్లో సభ పెట్టి, వేదిక మీద శాలువా కప్పి, తలుపంత అట్టకు అంటించిన పెద్ద చెక్కు బొమ్మ చేతికిచ్చారు.

మర్నాడు పాసుబుక్కు పనిమీద నేను బ్యాంకులోనే ఉన్నాను. తలుపు తోసుకుని ముందు ఆ అట్ట వచ్చింది, దాని వెనక ఆయన వచ్చాడు. బస్సు దిగి ఇంటికి కూడా పోలేదు. చంకలో పాలకోవా పొట్లం.

"కండక్టరు దీనికి గూడా టికెట్టు కొట్టాలన్న్యాడు టీచరమ్మా" అన్నాడు నన్ను చూసి. "'మొట్టమొదట నీకే చెప్తాండాప్పా, మా పాపకు వచ్చినాదిది' అని వానికి చెప్తి. కడప దాకా వాడే పట్టుకోని నిలబడినాడు."

నేరుగా మేనేజరు గదిలోకి పోయి అట్టను గోడకు ఆనించి నిలబెట్టాడు. "సార్, మొట్టమొదట మీకే చెప్తాండా. మీరు చెయ్యేసినారు, దేవుడు ఇంకో చెయ్యేసినాడు" అని కోవా ముక్క ఆయన నోటికందించాడు. కౌంటర్ల వాళ్లంతా లేచొచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. మేనేజరు తన ఫోనుతో ఫోటో తీశాడు. పోతూ పోతూ ఆయన మేనేజరు కుర్చీని బొటనవేలితో నొక్కి చూసి, "దీంట్లో దూది సచ్చిపోయినాది సార్, ఊరికే కుట్టిస్తా" అని చెప్పిపోయాడు.

ఆ తరవాత వారానికే బ్యాంకు నుంచి పిలుపొచ్చింది. "ఆ సారు మాట నాకు సగమే అర్థమైతాది, మీరు రాండి టీచరమ్మా" అంటే తోడుపోయాను.

"స్కాలర్‌షిప్ వస్తే ఆ మేరకు లోను తగ్గించాలండీ" అన్నాడు మేనేజరు, ఆయన మొహం వైపు చూడలేక నన్ను చూస్తూ. "చదువుకు ఎంత తక్కువపడితే అంతే ఇవ్వాలన్నది రూలండీ. పైవాళ్లు అడుగుతారు. నేను చూడనట్టు ఉండలేనండీ, బ్రాంచి అంతా చూసింది."

"వచ్చినాక తగ్గించుకోండి సార్. ఇంకా రాలేదు గదా. అట్ట ఒకటే వచ్చింది."

"మంజూరైంది కదండీ. మీరే చూపించారు."

ఆయన బొటనవేలితో తన మోకాలే నొక్కుకుంటూ కూర్చున్నాడు. నేను ట్రస్టు వాళ్లకు ఫోను చేశాను. ఒక ఆడపిల్ల ఎంతో మర్యాదగా మాట్లాడింది. ముందు ఏడాది ఫీజు మొత్తం కట్టిన రసీదు పంపాలట, మొదటి పరీక్షలు పాసవ్వాలట, అప్పుడు డబ్బు పిల్ల ఖాతాలో వేస్తారట. కాలేజీకి చేశాను. గడువులోగా ఫీజంతా పడకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. పోనీ ఆ స్కాలర్‌షిప్పే వద్దని రాసిస్తామంటే, ట్రస్టువాళ్లు తమ కమిటీ కూర్చోవాలి, ఆ తరవాతే రద్దు కాగితం ఇస్తామన్నారు. కమిటీ కూర్చునేది కాలేజీ గడువు దాటాక.

బ్యాంకేమో ట్రస్టు ఇస్తుంది కదా అంటుంది. ట్రస్టేమో ముందు కట్టి రండి అంటుంది. కాలేజీకి ఎవరిచ్చినా ఒకటే, రేపిస్తామంటే మాత్రం కుదరదు. అందరూ మంచివాళ్లే. ఒక్కరి మీద కూడా అరవడానికి లేదు. నాకు అరవడానికి మనిషి దొరక్కపోతే తలనొప్పి వస్తుంది. ఆ రోజులన్నీ తలనొప్పితోనే గడిచాయి.

ఆయన మాత్రం తిరిగాడు. కడపలో తెల్లారుజామున బస్సెక్కి కర్నూలు కాలేజీ మెట్ల మీద కూర్చునేవాడు, రాత్రికి తిరిగొచ్చేవాడు. మర్నాడు బ్యాంకు ముందు. ఒకరోజు ఆ అట్ట చెక్కునే కాలేజీకి మోసుకుపోయి, "ఇది పెట్టుకోని సీటు నిలబెట్టండి సార్" అని అడిగాడట. అక్కడి గుమాస్తాలు నవ్వారట. వచ్చి మా మెట్ల మీద కూలబడ్డాడు. కనుబొమ్మల మీద దూది చెమటకు తడిసి అంటుకుపోయింది.

"పరుపులో ఈ మూల ఎక్కువ కూరితే ఆ మూల ఖాళీ అయితాది. అది నాకు తెలుసు. ఇదేందమ్మా, ఇంకా కూరనే లేదు, అప్పుడే ఈ మూల పీకేసిరి. పాప ఏం తప్పు జేసింది టీచరమ్మా? మార్కులు తెచ్చుకున్యందుకా?"

ఇంత మనిషి ఏడ్చాడు. వెనకే కూతురు వచ్చి నిలబడింది. "వద్దులే నాయనా, ఈడ్నే డిగ్రీ చేరతా. అమ్మను గూడా చూసుకోవచ్చు" అంది. ఆయన లేచి దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ మాట బయటికి రావడం కూడా ఆయనకు ఇష్టం లేదు.

మేం వీధిలో నలుగురం కలిసి తలా కొంత వేసుకుంటామన్నాం. అంత గొప్ప సాయమేం కాదు, ట్రస్టు డబ్బు వచ్చాక తిరిగి తీసుకునేవాళ్లమే. ఆయన మొహం పాలిపోయింది.

"మీరిచ్చేది గూడా సాయమే గదా టీచరమ్మా. అది గూడా పట్టుకోని ఇంకా తగ్గిస్తే?"

"నీకేమన్నా పిచ్చా అన్నా? వాళ్లకెట్ల తెలుస్తాది?"

"మంచిమాట యాడ ఆగుతాది? నా నోరు నాకు తెల్వదా!"

రెండోరోజు దుకాణం ముందు ఆటో ట్రాలీ ఆగి ఉంది. దూది ఏకే మిషను ఎక్కిస్తున్నారు. బద్వేలు ఆయన ఎవరో కొన్నాడట. "నాది నేను అమ్ముకుంటే ఎవురూ అడగరు" అన్నాడు నాతో, దొంగసొత్తు దాటించేవాడిలా గొంతు తగ్గించి. ఫీజు కట్టారు. పిల్ల కర్నూలు పోయింది. మరుసటి ఏడాది ట్రస్టు డబ్బు కూడా, చెప్పినట్టే, వచ్చింది. దాన్ని పట్టుకుని ఆయన బద్వేలు పోయాడు. మిషను అప్పటికే చేతులు మారి ఎక్కడికో పోయింది. కొత్తది కొనేంత డబ్బు కాదది. వెనక్కి వచ్చి, అటక మీది దూది కొట్టే పాత బెత్తాలు దించాడు.

మిషనైతే దూదిని పెట్టెలో ఏకుతుంది. బెత్తాలతో కొడితే ఆ దుమ్మంతా మనిషి ముక్కులోకే. రేకుల కింద తెల్లటి పొగలాంటి దాంట్లో ఆయన కూర్చుని కొడుతుంటే మనిషి కనపడేవాడు కాదు, దగ్గు వినపడేది.

రెండో ఏడాది స్కాలర్‌షిప్పుకు పెట్టనే లేదు. లోను పూర్తిగా వచ్చింది. అదే ఆయన కొంప ముంచింది. ఎవరి సాయమూ లేకపోతేనే లోను నిలుస్తుందని ఆయన మనసులో బలంగా నాటుకుపోయింది. ఇక ఎవరేమిచ్చినా పుచ్చుకోలేదు. రంజాన్‌కు పిల్లకు నేను ఒక డ్రెస్సు గుడ్డ తీసిస్తే సాయంత్రానికి తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టాడు. నాకు నషాళానికి అంటింది.

"గుడ్డకు గూడా లోను తగ్గిస్తారా అన్నా? ఎవురు చెప్పినారు నీకు?"

"చప్పట్లు కొట్టిన నాడు గూడా ఎవురూ చెప్పలేదు గదా టీచరమ్మా" అన్నాడు.

కోపంగా అనలేదు. నిందగా కూడా అనలేదు. అలా అనుంటే పోట్లాడేదాన్ని.

ఆయన మారిపోయాడు. మొట్టమొదట అనే మాట మా వీధిలో వినపడటం మానేసింది. మూడో ఏడాది పరీక్షల ఫలితాలొచ్చాయని పేపర్లో చూసి, నేనే దుకాణానికి పోయి అడిగాను. వీధికి అటు చూశాడు, ఇటు చూశాడు. "పాసైనాది. ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు. చక్కెర పొట్లం లేదు, నవ్వు లేదు. ఆ రోజు నాకు కలిగిన బాధ, తరవాత ఆయన పోయిన రోజు కూడా కలగలేదు.

దగ్గు ముదిరింది. పెద్దాస్పత్రిలో ఊపిరితిత్తులు చెడ్డాయన్నారు, కర్నూలు తీసుకుపోయి చూపించమన్నారు. మసీదు కమిటీ పెద్దాయన ఇంటికొచ్చి, ఖర్చంతా కమిటీ పెట్టుకుంటుందన్నాడు. ఈయన చేతులు జోడించాడు.

"ఇంకొక్క ఏడు భాయ్. పాప సదువు అయిపోనీ. అప్పుడు మీరిచ్చేదంతా తీసుకుంటా. ఈ ముక్క దానికి మాత్రం చెప్పొద్దండి."

నేను ఊరుకోలేదు. బ్యాంకుకు పోయాను. పాత మేనేజరు బదిలీ అయిపోయాడు. కొత్తాయన నా మాట విని తెల్లబోయాడు. "ఆయన వైద్యానికి ఎవరో సాయం చేస్తే అమ్మాయి లోనుకు ఏం సంబంధం మేడం? అస్సలు లేదు" అన్నాడు. పరుగున వచ్చి ఆయనకు చెప్పాను. ఆయన బెత్తాలు పక్కన పెట్టి, ఊపిరి అందేదాకా ఆగి అన్నాడు:

"ఈ సారు అట్ల చెప్పినాడు. సార్లు మారుతాంటారు గదమ్మా."

అరిచాను, తిట్టాను, వాళ్లావిడ దగ్గర కూర్చుని మొత్తుకున్నాను. ఆమె సగం పడిపోయిన నోటితో ఏదో అంది, నాకు అర్థం కాలేదు. ఆయనకు అర్థమైంది. లేచి, ఆమె కింది పరుపును బొటనవేలితో నొక్కి చూసి, దూది సరిచేశాడు. అంతే.

ఆఖరి పరీక్షలు ముగిసి, ఆరునెలల ఆస్పత్రి శిక్షణ మిగిలుండగా ఆయన పోయాడు. పిల్ల కర్నూలు నుంచి తెల్లకోటు సంచిలో కుక్కుకుని వచ్చింది. స్నానం చేయించి, తెల్లగుడ్డ చుట్టి, ఆఖరి చూపుకు మొహం తెరిచారు. కనుబొమ్మల మీది దూది కడుక్కుపోయింది. ఇన్నేళ్లలో అప్పుడే ఆయన కనుబొమ్మలు చూశాను. నల్లగా ఉన్నాయి. ఒక్క వెంట్రుక కూడా నెరవలేదు. నాకంటే పెద్దవాడని అన్నా అన్నా అని పిలిచాను ఇన్నాళ్లూ.

మోసుకుపోయేముందు కమిటీ పెద్దాయన గుమ్మం దగ్గరికొచ్చాడు. ఇంట్లో మగదిక్కు లేదు కాబట్టి ఆడపిల్లనే పిలిచాడు. ఖననం ఖర్చుకని వాడకట్టు వాళ్లంతా వేసుకున్న డబ్బు కవరులో పెట్టి చాపాడు.

"తీసుకోమ్మా. ఇది మన పద్ధతి."

పిల్ల చెయ్యి సగం దాకా వచ్చి ఆగిపోయింది. వెనక్కి తిరిగి నన్ను వెతికింది. నా దగ్గరికి వచ్చి, గుమ్మంలో నిలబడ్డ వాళ్లెవరికీ వినపడకుండా నా చెవిలో అడిగింది.

"మేడం, ఇది తీసుకుంటే బ్యాంకోళ్లకు తెలుస్తాదా?"

నేనే పోయి పెద్దాయన చేతిలోంచి కవరు అందుకున్నాను. తెచ్చి ఆ పిల్ల అరచేతిలో పెట్టాను. ఏం కాదు, ఎవరూ ఏమీ తగ్గించరు, నా మాట నమ్ము తల్లీ అన్నాను. ఈలోగా వాళ్ల నాయన్ని మోసుకుని గుమ్మం దాటించేశారు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా కూడా ఆ పిల్ల పిడికిలి ముయ్యలేదు.